పట్నం అంటే ఇప్పుడు ఏ ఊరు?

నెల్లూరు జిల్లాలో అరవై దాటిన వాళ్లు "పట్నం పొయ్యొచ్చాం" అన్నారంటే మద్రాసు పోయి వచ్చారని అర్థం. చెన్నపట్నంలో చివరి ముక్క ఒక్కటే నాలుక మీద మిగిలి, ఆ ఊరికి అదే పేరయింది. 1996లో మద్రాసు అధికారికంగా చెన్నై అయింది గానీ, ఈ మాట మాత్రం పోలేదు. అదే ఇంట్లో డిగ్రీ చదువుతున్న మనవరాలికి ఆ మాట చెబితే "ఏ పట్నం?" అని అడుగుతుంది. ఆ అమ్మాయి లెక్కలో సిటీ అంటే హైదరాబాద్, కాదంటే బెంగళూరు.

ఒకే గడపలో రెండు తరాల మధ్య ఊరు మారిపోయింది. ఊరొక్కటే మారి ఉంటే పెద్దగా చెప్పుకోవాల్సింది ఉండేది కాదు. ఎందుకు వెళ్తున్నారు, ఎవరింట్లో దిగుతున్నారు, ఎన్ని రాత్రులు ఉంటున్నారు అనేవీ మారాయి. దేశంలో పెద్ద నగరాలకు పెరుగుతున్న రాకపోకల గురించి వచ్చే లెక్కలు ఈ చివరి విషయాలను సరిగా పట్టుకోవు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైపు నుంచి చూస్తే ఆ తేడా బాగా కనిపిస్తుంది.

మద్రాసుతో ఈ ప్రాంతానికి ఉన్న బంధం వట్టి దూరం వల్ల వచ్చింది కాదు. నెల్లూరు నుంచి చెన్నైకి రోడ్డు మీద సుమారు 175 కిలోమీటర్లు, హైదరాబాద్‌కు దాదాపు 450. దూరం లెక్క అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కానీ 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. హైకోర్టు అక్కడే, పెద్ద కాలేజీలు అక్కడే, పెద్దాసుపత్రి అక్కడే, ఆ తర్వాత కూడా చాలాకాలం తెలుగు సినిమా అక్కడే. మద్రాసుతో కూడిన ఆంధ్ర రాష్ట్రం కావాలని పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణం విడిచిందీ ఆ ఊళ్లోనే. రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. అయినా నెల్లూరు వాళ్లు ఆ ఊరికి వెళ్లడం మానలేదు. రాజధాని కర్నూలుకు, ఆ తర్వాత హైదరాబాద్‌కు మారినా, కంటికి కష్టమొస్తే, పెళ్లి కుదిరితే, పిల్లవాడికి సీటు కావాలంటే మద్రాసు రైలే ఎక్కారు.

ప్రకాశం జిల్లా కథ కొంచెం వేరు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తీసిన ముక్కలతో ఈ జిల్లా ఏర్పడింది. అందుకే ఒంగోలు వైపు చూపు గుంటూరు, విజయవాడల మీద ఉండేది. కందుకూరు, కనిగిరి వైపు నెల్లూరు, మద్రాసు. మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు, హైదరాబాద్. జిల్లా ఒకటైనా సిటీ మాత్రం మూడు దిక్కులకు ఉండేది. ఇప్పటికీ ఒంగోలు నుంచి మద్రాసు పోయి వచ్చే వాళ్ల మాటకు, నెల్లూరు నుంచి పోయి వచ్చే వాళ్ల మాటకు తేడా ఉంటుంది. నెల్లూరు వాళ్లకు అది పక్క ఊరు, ఒంగోలు వాళ్లకు అది ప్రయాణం.

ముప్పై నలభై ఏళ్ల కిందటి మద్రాసు ప్రయాణం ఎలా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. కోవూరులోనో, బుచ్చిరెడ్డిపాళెంలోనో ఒక కుటుంబం అనుకోండి. ఇంటి పెద్దాయనకు కంట్లో శుక్లం. శంకర నేత్రాలయలో చూపించాలి. పెద్దాయన ఒక్కడే పోడు. తోడుగా కొడుకు, "ఎటూ పోతున్నారు కదా" అని కోడలు, వాళ్లిద్దరూ పోతే పిల్లలు ఎవరి దగ్గర ఉంటారని పిల్లలు. దిగేది పెరంబూరులో పెదనాన్న కూతురింట్లో. ఉత్తచేతులతో పోకూడదు కాబట్టి ఒక బియ్యం మూట, ఆవకాయ జాడీ, చెట్టున కాసిన నాలుగు టెంకాయలు. డాక్టరు ఒకరోజు చూస్తాడు, పరీక్షలకు ఇంకో రోజు రమ్మంటాడు. మధ్యలో దొరికిన పూటలో మెరీనా బీచ్, పిల్లలు గోల చేస్తే వండలూరు జూ, కోడలికి టి.నగర్ రంగనాథన్ వీధిలో చీర. రాత్రికి మిద్దె మీద వరసగా చాపలు. దిండ్లు చాలక చీర మడత తల కింద పెట్టుకుని పడుకునేవాళ్లు. 1992 తర్వాతయితే మధ్యాహ్నం పినాకిని రైలు ఎక్కి సాయంత్రానికి ఇంటికి.

ఈ ప్రయాణాన్ని ఏమనాలి? వైద్యమా, చుట్టపు చూపా, షాపింగా, విహారమా? అన్నీ అదే. కానీ "ఊరు చూడటానికి పోతున్నాం" అని మాత్రం ఎవరూ చెప్పేవాళ్లు కాదు. ఊరు చూడటానికి డబ్బు ఖర్చు పెట్టడం తప్పుగా ఉండేది. ఒక పని అనే కొక్కెం ఉంటే తప్ప సరదాను తగిలించే వీలుండేది కాదు.

ఇక్కడే లెక్కల సంగతి చెప్పుకోవాలి. కేంద్ర పర్యాటక శాఖ ఏటా ప్రకటించే అంకెల ప్రకారం దేశంలో దేశీయ పర్యాటకుల సందర్శనలు 2019లో సుమారు 232 కోట్లు. కరోనా వచ్చిన 2020లో అవి 61 కోట్లకు పడిపోయాయి. 2023కు మళ్లీ 250 కోట్లు దాటాయి. చూడగానే దేశమంతా రోడ్ల మీదే ఉన్నట్టు అనిపిస్తుంది. అయితే ఇవి మనుషుల లెక్క కాదు, సందర్శనల లెక్క. ఒకే మనిషి ఏడాదిలో నాలుగు చోట్లకు వెళ్తే నాలుగుగా నమోదవుతాడు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఈ లెక్కకు ఆధారం ప్రధానంగా బస చేసే చోట్లు. హోటళ్లు, లాడ్జీలు, సత్రాలు, ధర్మశాలలు. చుట్టాలింట్లో దిగి, చుట్టాలింట్లో తిని, చాప మీద పడుకుని వచ్చినవాడు ఆ నిర్వచనంలోకి రాడు.

అంటే పైన చెప్పుకున్న కోవూరు కుటుంబం మద్రాసులో నాలుగు రాత్రులు ఉన్నా, మెరీనా చూసినా, జూ చూసినా, చీర కొన్నా పర్యాటకుల లెక్కలో లేనట్టే. అదే ఇంటి మనవడు ఇప్పుడు హైదరాబాద్ పోయి గచ్చిబౌలిలో ఒక్క రాత్రికి రూము తీసుకుంటే లెక్కలోకి వచ్చేస్తాడు. ఇంటింటికీ తిరిగి చేసే జాతీయ నమూనా సర్వేలు ఈ లోపాన్ని కొంత పూరిస్తాయి. 2008-09లో, 2014-15లో చేసిన సర్వేలు రెండూ ఒకే మాట చెప్పాయి. రాత్రి బస ఉండే ప్రయాణాల్లో అత్యధికం చుట్టపక్కాల కోసం, శుభాశుభాల కోసం చేసేవే. విహారం కోసమే చేసేవి వాటి ముందు చాలా తక్కువ.

కాబట్టి నగరాలకు పర్యాటకులు పెరిగారన్న వార్త చదివినప్పుడు రెండు సంగతులు విడదీసి చూడాలి. మనుషులు నిజంగానే ఎక్కువ తిరుగుతున్నారు, అది ఒకటి. ఇంతకుముందూ తిరిగినవాళ్లే చుట్టాలిల్లు మాని హోటలుకు మారారు, అది రెండోది. మన జిల్లాల్లో ఈ రెండోది చిన్న మార్పేమీ కాదు. అసలు కథ అక్కడే ఉంది.

చుట్టాలిల్లు ఎందుకు వెనక్కి పోయింది? కలివిడితనం తగ్గిందని, మనుషుల్లో ప్రేమలు పోయాయని పెద్దవాళ్లు బాధపడతారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ ఇల్లు మారింది ముందు. మద్రాసులో ఆనాటి చుట్టాలుండేది మిద్దె ఉన్న ఇల్లు. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇప్పటి చుట్టాలుండేది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. గేటు దగ్గర సెక్యూరిటీ పేరు రాసుకుంటాడు, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమంటాడు. లోపల భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగం, ఒక గదిలో లాప్‌టాప్ మీటింగు, ఇంకో గదిలో పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసు. అయిదుగురు దిగితే ఆ ఇంట్లో ఎవరి పనీ సాగదు. వచ్చినవాళ్లకూ ఇబ్బందే, పిలిచినవాళ్లకూ ఇబ్బందే. "మీరు రూము తీసుకోండి, భోజనానికి ఇంటికి రండి" అనే మాట పదిహేనేళ్ల కిందట అవమానం. ఇప్పుడు అదే మర్యాద.

ఇందులో ఆడవాళ్ల వైపు నుంచి చూడాల్సిన సంగతి ఒకటుంది. దాన్ని పక్కన పెట్టి పాత రోజుల గురించి నిట్టూర్చడం న్యాయం కాదు. మద్రాసు ప్రయాణంలో మగవాళ్లకు సెలవు దొరికేది గానీ, ఆడవాళ్లకు వంటిల్లు మారేది, అంతే. దిగినింట్లో వదినకు సాయంగా కూరలు తరగాలి, పొద్దున్నే లేచి అందరికీ కాఫీలు కలపాలి, అంట్లు తోమాలి. ఇక ఆ ఇంటి ఇల్లాలి సంగతి చెప్పనే అక్కర్లేదు. అయిదుగురికి వండేది పదిమందికి వండాలి, నాలుగు రోజుల పాటు. హోటల్ రూములో అటువంటివేవీ లేవు. పొద్దున లేచి ఎవరో వేసిన దోసె తినొచ్చు, పక్క సర్దకుండా బయటికి పోవచ్చు. పెళ్లయిన ఇరవై ఏళ్లకు మొదటిసారి రెండు రోజులు పొయ్యి ముట్టించకుండా గడిపామని చెప్పే ఇల్లాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ రెండు రోజుల విలువ ఏ అంకెలోనూ కనబడదు.

రూము దొరకడం కూడా తేలికయింది. ఒకప్పుడు తెలియని ఊళ్లో లాడ్జి అంటే కుటుంబంతో వెళ్లడానికి జంకేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో ఫొటోలు, రేటింగులు చూసుకుని, "లిఫ్ట్ ఉందా, కారు పెట్టుకోవడానికి చోటుందా, అమ్మకు వెస్ట్రన్ టాయిలెట్ ఉందా" అని అడిగి మరీ తీసుకుంటున్నారు. ఫొటోలో ఉన్న రూము వేరు, వెళ్లాక దొరికిన రూము వేరు అనే గొడవలు లేకపోలేదు. అయినా ఆ దారే పట్టారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మధ్యతరగతి వాళ్లు తీసుకునే గదులు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి.

ఇక ఊరు మారడం సంగతి. మద్రాసు నుంచి చూపు హైదరాబాద్, బెంగళూరు వైపు తిప్పింది పిల్లలు. ఇంజినీరింగ్ చదివి ఐటీ ఉద్యోగాల్లో చేరినవాళ్లు చెన్నైలోనూ ఉన్నారు గానీ, భాష దగ్గర, సినిమా దగ్గర, తిండి దగ్గర హైదరాబాద్ సొంత ఊరిలా ఉంటుంది. బెంగళూరులో వీధికో ఆంధ్రా మెస్, తెలుగువాళ్లు నడిపే పీజీ. పిల్లలు ఎక్కడుంటే అమ్మానాన్నల పట్నం అదే అయింది.

ఈ అమ్మానాన్నల ప్రయాణం పూర్తిగా కొత్త రకం. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో పోయి నెలా రెండు నెలలు ఉంటారు. పోయేటప్పుడు సంచిలో కందిపొడి, ఎండు రొయ్యలు, గోంగూర పచ్చడి, వీలైతే చేపల పులుసు డబ్బాలో గట్టిగా మూతపెట్టి. సోమవారం నుంచి శుక్రవారం దాకా తొమ్మిదో అంతస్తులో కిటికీ పక్కన కూర్చోవడం, మనవడిని స్కూలు బస్సు దాకా తీసుకుపోవడం. వాళ్లు సిటీ చూసేది శని, ఆదివారాల్లోనే. హైదరాబాద్ అయితే చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, ఒక రోజంతా రామోజీ ఫిల్మ్ సిటీ. వీటికి తోడు ఇటీవలి చేర్పులు ఉన్నాయి. 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన, 2022లో ముచ్చింతల్‌లో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం, 2023లో హుస్సేన్‌సాగర్ దగ్గర వెలిసిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం. ఒకప్పుడు సిటీ చూడటం అంటే కోట, మ్యూజియం. ఇప్పుడు సాయంత్రం దీపాలు పెట్టాక ఫొటో బాగా వచ్చే చోటికే మొదటి ఓటు.

వీళ్లు కూడా చాలావరకు పర్యాటకుల లెక్కలోకి రారు. దిగింది కొడుకింట్లో కాబట్టి. కానీ ఫిల్మ్ సిటీ టికెట్లు కొన్నది వీళ్లే, వారాంతం క్యాబ్ ఎక్కింది వీళ్లే, మెట్రోలో మొదటిసారి నిలబడి పోయింది వీళ్లే. పెద్ద నగరాల వారాంతపు రద్దీలో ఊళ్ల నుంచి వచ్చిన అమ్మానాన్నల పాలు ఎంతో ఎవరైనా లెక్క కట్టాల్సిన విషయం.

ఎదురు దిక్కున పిల్లల ప్రయాణం. శుక్రవారం రాత్రి బెంగళూరులో, హైదరాబాద్‌లో బస్సు ఎక్కితే తెల్లారేసరికి నెల్లూరు, ఒంగోలు, కావలి. ఆదివారం రాత్రి మళ్లీ బస్సు. ఈ రాకపోకల మీద ఒక వ్యాపారమే పుట్టింది. 2006లో మొదలైన రెడ్‌బస్ వెనక కథ అందరికీ తెలిసిందే. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న తెలుగు ఇంజినీరు ఫణీంద్ర సామ దీపావళికి ఇంటికి పోదామంటే బస్సు టికెట్ దొరకలేదు. ఆ ఇబ్బందిలోంచి వచ్చిన ఆలోచన అది. టికెట్ కోసం ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తీరింది గానీ, సంక్రాంతికి ప్రైవేటు బస్సు చార్జీలు చూస్తే గుండె గుభేలుమంటుంది. రైలు రిజర్వేషన్ ముందస్తు గడువు 2024 నవంబర్ 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. నాలుగు నెలల ముందే పండగ టికెట్లు తీసిపెట్టుకునే నాన్నలు ఇప్పుడు క్యాలెండరు మీద రెండు నెలల గీత గీసుకుని, పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారు. సీటు వస్తుందా రాదా అన్న ఆ అయిదు నిమిషాల టెన్షన్ ఇంటిల్లిపాదిదీ.

మద్రాసుకు వెళ్లే పనులు కూడా ఒక్కొక్కటే జారిపోయాయి. పెద్ద వైద్యం చాలావరకు నెల్లూరులోనే దొరుకుతోంది. పెళ్లి చీరలకు పెద్ద పెద్ద షోరూములు నెల్లూరు ట్రంక్ రోడ్డుకూ, ఒంగోలుకూ వచ్చేశాయి. ఇంకా మిగిలినవి ఉన్నాయి. క్లిష్టమైన ఆపరేషన్లకు, సౌకార్‌పేటలో హోల్‌సేల్ సరుకుకు, విదేశాలకు పోయేవాళ్ల విమానానికి చెన్నైయే. నెల్లూరుకు విమానాశ్రయం లేదు. అమెరికా పోయే పిల్లను దిగబెట్టడానికి ఇంటిల్లిపాదీ రెండు కార్లలో మీనంబాక్కం పోవడం, తిరిగొచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడకపోవడం కూడా ఈ తరం మద్రాసు ప్రయాణమే.

బస్సులో పోయేవాళ్లకు ఇంకో చిన్న మార్పు జరిగింది. ఆంధ్రా బస్సులు ఒకప్పుడు ఊరి నడిబొడ్డున పారీస్ కార్నర్ దగ్గర ఆగేవి. తర్వాత కోయంబేడు అయింది. 2018 అక్టోబర్ నుంచి మాధవరం. నెల్లూరు నుంచి పోయేవాళ్లకు మాధవరం ముందే వస్తుంది కాబట్టి ప్రయాణం తగ్గిందనుకోవచ్చు. కానీ అక్కడి నుంచి టి.నగర్ పోవాలంటే మళ్లీ సిటీ బస్సో ఆటోనో. ముసలివాళ్లతో పోయేవాళ్లకు ఆ చివరి గంటే భారం. కారున్నవాళ్లకు ఈ తలనొప్పి లేదు. జాతీయ రహదారి 16 మీద టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్ వచ్చాక నెల్లూరులో తెల్లవారుజామున బయల్దేరి, చెన్నైలో టిఫిన్ చేసి, పని చూసుకుని, రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేస్తున్నారు. అంటే మద్రాసు ప్రయాణం ఆగలేదు, దానిలోంచి రాత్రులు పోయాయి. రాత్రి ఉండకపోతే అది లెక్కకూ రాదు.

తమిళనాడు మీద మోజు తగ్గిందా అంటే అదీ లేదు. అది ఊరు మార్చుకుంది. గత కొన్నేళ్లలో తెలుగువాళ్లు అరుణాచలం అని పిలుచుకునే తిరువణ్ణామలైకి వెళ్లేవాళ్లు విపరీతంగా పెరిగారు. పౌర్ణమి వస్తుందంటే ఆర్టీసీ డిపోల ముందు ప్రత్యేక బస్సుల బోర్డులు. కొండ చుట్టూ 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ, వచ్చేదారిలో వెల్లూరు దగ్గర శ్రీపురం బంగారు గుడి, వీలైతే కంచి. నెల్లూరు నుంచి ఈ దారి శ్రీకాళహస్తి, తిరుపతి మీదుగా పోతుంది. చెన్నై పక్కన కూడా తగలదు. ఒకప్పుడు తమిళ దేశంలో ఏ గుడికి పోవాలన్నా మద్రాసులో ఒక రాత్రి తప్పేది కాదు. ఆ మజిలీ ఇప్పుడు అవసరం లేదు.

మొక్కుల ప్రయాణాల్లో ఇంకో పెద్ద పేరు కాశి. 2021 డిసెంబర్‌లో విశ్వనాథ ఆలయ కారిడార్ తెరుచుకుంది, 2024 జనవరిలో అయోధ్య, 2025లో ప్రయాగలో మహాకుంభమేళా. కాశి, ప్రయాగ, అయోధ్య కలిపి ట్రావెల్స్ వాళ్లు బస్సులు కట్టడం పల్లెల దాకా పాకింది. చివరి దశలో ఒక్కసారి పోయి రావాల్సిన ఊరుగా ఉన్న కాశికి ఇప్పుడు నలభై ఏళ్లవాళ్లు పిల్లలతో పోతున్నారు. ఆంధ్రాశ్రమంలో గది కోసం వెతికేవాళ్లూ ఉన్నారు, ఘాట్ కనబడే హోటలు కోసం వెతికేవాళ్లూ ఉన్నారు. దైవదర్శనమూ ఊరు చూడటమూ మన జనానికి ఎప్పుడూ రెండు వేరు పనులు కావు. పాత మద్రాసు ప్రయాణానికి ఆసుపత్రి ఎలా కొక్కెమో, ఈనాటి దూర ప్రయాణానికి గుడి అలా కొక్కెం.

ప్రభుత్వ పనుల ప్రయాణం వేరే దారి పట్టింది. సచివాలయం, హైకోర్టు అన్నీ హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో ఫైలు పట్టుకుని సింహపురి రైలు ఎక్కడం మామూలు. రాత్రి ఎక్కితే తెల్లారి సికింద్రాబాద్. రాష్ట్ర విభజన తర్వాత ఆఫీసులు ఒక్కొక్కటే విజయవాడ, అమరావతి వైపు వచ్చాయి. హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఉంది. 2024 జూన్ 2తో హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు కూడా ముగిసింది. ఒంగోలు నుంచి విజయవాడ దాదాపు 150 కిలోమీటర్లు. పొద్దున పోయి సాయంత్రం రావచ్చు. దీనివల్ల హైదరాబాద్‌తో ఉన్న బంధంలోంచి పని తీసేస్తే పిల్లలు, సరదా మిగిలాయి. విజయవాడకు పని ఎక్కువ, సరదా తక్కువ.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఈ బొమ్మలో ఇంకో గీత గీసింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, కానీ రాష్ట్రం లోపలే. నెల్లూరు నుంచి తిరుపతికి ఎక్స్‌ప్రెస్‌లో పోతే డబ్బు అక్కర్లేదు, చెన్నైకి పోతే కట్టాలి. భర్త జేబు వైపు చూడకుండా నలుగురు ఆడవాళ్లు మాట్లాడుకుని ఒక రోజు తిరుపతి పోయి రావడం, విజయవాడ కనకదుర్గమ్మ దగ్గరికి పోయి రావడం ఇప్పుడు సాధ్యమయింది. రాష్ట్ర సరిహద్దు ఇంతకుముందు ప్రయాణికులకు పెద్దగా తెలిసేది కాదు. ఇప్పుడు డబ్బు కట్టక్కర్లేని జీరో టికెట్ చేతిలో ఉన్నప్పుడు తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పింది బీచి వైపు, రైలు కట్ట వైపు ఉన్నవాళ్ల సంగతి. పడమటి ప్రకాశంలో, ఉదయగిరి మెట్టలో మాట వేరు. కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి ప్రాంతానికి రైలు కోసం దశాబ్దాల ఎదురుచూపు. నడికుడి నుంచి శ్రీకాళహస్తి దాకా వేస్తున్న 300 కిలోమీటర్ల పైచిలుకు లైను పూర్తయితే ఈ ఊళ్లన్నిటికీ స్టేషన్లు వస్తాయి. బెంగళూరు నుంచి విజయవాడ వైపు వేస్తున్న కొత్త రహదారి కూడా ఈ జిల్లా మీదుగానే అద్దంకి వైపు చేరుతుంది. ఇప్పటికైతే అక్కడి నుంచి సిటీకి పోయేవాళ్లలో ఎక్కువమంది కూలి పనికి, భవనాల పనికి పోయేవాళ్లు. వానలు పడని ఏడాది తాళం పెట్టిన ఇళ్లు కనిపిస్తాయి. వాళ్లకూ హైదరాబాద్ తెలుసు, బెంగళూరు తెలుసు. అక్కడి మాల్స్‌కు సున్నం కొట్టింది, టైల్స్ వేసింది వాళ్లే. పర్యాటకం మీద రాసే ఏ వ్యాసమైనా ఈ ప్రయాణాన్ని పక్కన పెట్టేస్తే అది సగం జిల్లా కథే.

ఇప్పుడు అటు నుంచి ఇటు. సిటీల నుంచి మన వైపు వచ్చేవాళ్లు పెరిగారా? పెరిగారు, కానీ వచ్చి ఉండటం లేదు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడటానికి జనం కోసం 2019లో గ్యాలరీ తెరిచారు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా చూడొచ్చు. అదే ఏడాది సూళ్లూరుపేటలో వంద అడుగులు దాటిన తెరతో వి ఎపిక్ థియేటర్ వచ్చింది. సినిమా చూడటానికి నెల్లూరు వాళ్లు మద్రాసు పోయిన రోజుల నుంచి, సినిమా చూడటానికి మద్రాసు వాళ్లు సూళ్లూరుపేట వచ్చే రోజులు వచ్చాయి. శీతాకాలంలో పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో గూడబాతులు. 2022 జిల్లాల విభజనతో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, ఆ పక్షులను చూడటానికి వచ్చే కార్లు భోజనానికి ఆగేది ఈ దారిలోనే. మైపాడు బీచ్‌కు ఆదివారం నెల్లూరు జనంతో పాటు బయటి నంబరు ప్లేట్లు కూడా కనిపిస్తాయి.

వీటన్నిటికంటే పాతదీ పెద్దదీ మొహర్రం నాటి రొట్టెల పండుగ. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం కావాల్సినవాళ్లు ఉద్యోగ రొట్టె అందుకుంటారు, కోరిక తీరాక మరుసటేడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇల్లు రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. మతంతో పని లేకుండా చెన్నై నుంచి, బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి లక్షల్లో వస్తారు. ఆ కొద్ది రోజులు ఊళ్లో గది దొరకదు. మిగిలిన రోజుల్లో బయటి ఊరి కుటుంబం ఒకటి నెల్లూరులో రెండు రాత్రులు ఉండటానికి ఏం ఉందో చూపించే ఏర్పాటు లేదు. ఉదయగిరి కోట ఉంది, పెంచలకోన ఉంది, జొన్నవాడ కామాక్షమ్మ ఉంది, ఒంగోలు వైపు కొత్తపట్నం బీచ్, భైరవకోన, కంభం చెరువు ఉన్నాయి. వాటిని కలిపే బస్సు లేదు. బీచ్‌లో బట్టలు మార్చుకునే గది, ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్, నీళ్లలోకి దిగినవాళ్లను కనిపెట్టి చూసే ఈతగాళ్లు, ఈ మూడూ లేకుండా ఎన్ని పండగలు చేసినా వచ్చినవాళ్లు పొద్దుగూకేలోగా కారెక్కి వెళ్లిపోతారు.

2023లో వచ్చిన రెండు వందే భారత్ రైళ్లు ఈ తిరుగు ప్రయాణాన్ని బాగా చూపిస్తాయి. ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్–తిరుపతి రైలు, సెప్టెంబర్‌లో మొదలైన చెన్నై–విజయవాడ రైలు రెండూ నెల్లూరులో, ఒంగోలులో ఆగుతాయి. రెండో రైలు మొదలైనప్పుడు ఇచ్చిన టైములు చూడండి. తెల్లవారుజామున చెన్నైలో బయల్దేరి మధ్యాహ్నానికి విజయవాడ చేరేది, అదే రోజు వెనక్కి తిరిగి రాత్రి పదింటికి చెన్నై చేరేది. నెల్లూరు మనిషి పొద్దున పోయి మద్రాసులో పని చూసుకుని రావడానికి ఇది పనికిరాదు. పైగా రేణిగుంట చుట్టు తిరిగి పోతుంది. కానీ చెన్నై మనిషి పొద్దున నెల్లూరులో దిగి, రోజంతా ఉండి, సాయంత్రం ఎక్కడానికి సరిగ్గా సరిపోతుంది. తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, వందేళ్ల పాటు ఒకే దిక్కుకు నడిచిన ప్రయాణాన్ని ఆ టైమ్‌టేబుల్ తిరగేసింది.

సాయంత్రం పూట నెల్లూరు స్టేషన్‌లో కాసేపు నిలబడితే ఇది కళ్లతోనే చూడొచ్చు. సికింద్రాబాద్ వైపు పోయే రైలు కోసం ఒక పెద్దావిడ బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఒళ్లో స్టీలు క్యారియరు, కాళ్ల దగ్గర బియ్యం సంచి, చేతిలో కొడుకు పంపిన టికెట్ ఉన్న ఫోన్. అవతలి ప్లాట్‌ఫారం మీద చెన్నై రైలు కోసం తమిళంలో మాట్లాడుకుంటూ ఒక కుటుంబం. వాళ్ల చేతుల్లో మలై కాజా డబ్బాలు.